మేజరు గారికి విడిది

మిరియాల వడ మీద నాకొక ఫిర్యాదు ఉంది. మా చిత్తూరు జిల్లాలో దాన్ని దేవుణ్ణి దృష్టిలో పెట్టుకుని చేస్తారు, పళ్లను కాదు. బయట రాయి, లోపల నిప్పు, మధ్యలో భక్తి. ఎవరింటికి వెళ్లినా "ప్రసాదం, కళ్లకద్దుకో" అని చేతిలో పెడతారు. కళ్లకద్దుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ తరువాతి కార్యక్రమం గురించే నా బాధంతా.

ఒక వడ మీద ఇంత పగ ఏమిటని మీరడగవచ్చు. అయ్యా, నేను వాటిని వరసగా నెల రోజులు తిన్నవాణ్ణి. అదీ నా కోసం కాదు, ఇంకొకరికి బదులుగా. ఆ ఇంకొకరు మనిషి కూడా కాదు. ఇంతకన్నా ఎక్కువ ముందే చెప్పేస్తే నవ్వుతారు. వరసగా చెబితే జాలిపడతారేమోనని చిన్న ఆశ.

ఎనభైల మొదట్లో నేను చిత్తూరులో ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర ట్యూటరుని. టెంపరరీ. నా ఉద్యోగం ఏటా ఏప్రిల్‌లో ఊడిపోయేది, జూన్‌లో పైవాళ్లు దయతలిస్తే మళ్లీ మొలిచేది. మూడేళ్లుగా ఇదే వరస. టెంపరరీ అన్న మాట చెవినపడి రెండు పెళ్లి సంబంధాలు కాఫీ కూడా తాగకుండా లేచిపోయాయి. ఆ జూన్‌లో జరిగే గవర్నింగ్ బాడీ మీటింగులో నింపేది ఒకే ఒక పర్మనెంటు పోస్టని, దానికి నేనూ ఇంకొక ట్యూటరూ పోటీలో ఉన్నామని ఆఫీసులో చెప్పుకునేవారు.

కాలేజీకి సర్వాధికారి కరస్పాండెంటు గారు. ఆయనకు సర్వాధికారి ఆయన భార్య, మేమంతా అమ్మగారనేవాళ్లం. అమ్మగారికి సర్వాధికారి మేజరు. మిలిటరీ మేజరు కాదు, అల్సేషియన్ కుక్క. ఇది కాక బేబీ అని ఇంకొక కుక్క ఉండేది. పీచు తియ్యని కొబ్బరికాయకు తెల్ల సున్నం కొట్టి కాళ్లు తగిలించినట్టుండేది.

మే నెలలో ఒకరోజు కరస్పాండెంటు గారు నన్ను ఇంటికి పిలిపించారు.

"ఏమయ్యా, దొరల కాలంలో ఎండాకాలం వస్తే డేరాలేసుకుని కుక్కలతో సహా క్యాంపు పోయేవాళ్లు, తెలుసునా?"

"తెలుసు సార్. పాఠంలో ఉంది."

"మేమూ పోదామనుకుంటున్నాం. డేరాలు మన ఎన్.సి.సి. గదిలో ఉన్నాయి. చోటే దొరకలేదు. పోయినేడు కుక్కల్ని ఇంట్లో వదిలిపెట్టి పోతే మేజరు నాలుగు రోజులు నీళ్లు కూడా ముట్టలేదు. వాటిని రానిచ్చే చోటు చూసి పెట్టు. బాధ్యత నీది."

లోపలినుంచి అమ్మగారి గొంతు వినిపించింది. "మేజరును చిన్నచూపు చూసే చోటయితే మాత్రం నేను రాను, ముందే చెప్తా ఉండా!"

కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదలేమంటారు. నేను గవర్నింగ్ బాడీ మీటింగే ఈదేద్దామనుకున్నాను.

మొదట తిరుపతిలో ఒక సత్రానికి వెళ్లాను. గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "ఎంతమంది?"

"ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు."

ఆయన కలం కింద పెట్టాడు. "ఈడ మనుషులకే వరండాలో చాప దొరకడం ల్యా. కుక్కలకు మొక్కుబడి ఏమన్నా ఉండాదా అప్పా?"

"లేదండీ, గాలిమార్పుకు."

"గుండు కొట్టించేదుంటే చెప్పు, ఆలోచిస్తాం."

అక్కణ్ణించి తలకోన. అడవి కాపలాదారు నా మాట విని సంతోషం పట్టలేకపోయాడు. "కుక్కలనా? తెండి సార్, బాగా తెండి! మా చిరుతపులి పండగ చేసుకుని శానా దినాలాయె."

తిరుగు బస్సులో, కిటికీకి తల కొట్టుకుంటుండగా, నాకు జ్ఞానోదయమైంది. కుక్కను గడప తొక్కనివ్వని లోకంలో, కుక్కను పక్కన నిలబెట్టుకున్న దేవుడు ఒక్కడే ఉన్నాడు: భైరవస్వామి. ఆయన గుడిలో కుక్కను పొమ్మనే మొగాడెవడు? పాకాలకు పడమటి దిక్కున ఒక పల్లెలో భైరవస్వామి గుడి, చుట్టూ చింతతోపు ఉన్నాయని మా నాయన చెప్పగా విన్నాను. నాయన పాకాలలో రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, చుట్టుపక్కల ఆయనకు తెలియని పల్లె లేదు. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. వాళ్లకు ఇప్పటికీ నా అడ్రసు తెలుసు.

తోపు చూశాను. నీడ, గాలి, ఊరే బావి. గుడి పెద్ద మునస్వామి చింతకాయలు ఏరిస్తున్నాడు. భయపడుతూనే అడిగాను. "పెద్దాయనా, ఈ తోపులో మూడు రోజులు డేరాలేసుకుంటాం. మాతో కుక్కలు కూడా రావచ్చునా?"

ఆయన చేతిలో గంప జారిపోయింది. "కుక్కలా? అబ్బా, ఏం మాట చెప్పినావప్పా! ఎన్ని?"

"రెండు."

"పెద్దవేనా?"

"ఒకటి ఇంత ఎత్తుంటుంది," అని నా నడుం చూపించాను. ఇంకో అరజానెడు కలిపాననే చెప్పాలి.

"తిండి బాగా తింటాదా?"

"ఏది పెట్టినా తింటుంది."

"ఏది పెట్టినానా?" మునస్వామి కళ్లు తడిశాయి. "ఒరే, అందరూ ఇంటిరా? ఏది పెట్టినా తింటాదంట! అప్పా, బహుళాష్టమి నాడు పిలుచుకుని రాండి. ఊరంతా ఎదురుకోలు వస్తాం."

అతిథి మర్యాదకు రాయలసీమ పెట్టింది పేరని పిల్లలకు నేనే నోట్సు ఇచ్చేవాణ్ణి. కుక్క తిండి గురించి ఊరంతా ఎందుకింత పరవశించిపోవాలని ఒక్క క్షణమైనా అనుమానించలేదు. చరిత్ర చెప్పేవాణ్ణి కదా, జరిగిపోయిందే తప్ప జరగబోయేది నా సబ్జెక్టు కాదు.

అష్టమి నాడు జీపు తోపులోకి తిరిగేసరికి పలక డప్పులు మోగాయి. పూలదండలతో ఊరంతా నిలబడి ఉంది. కరస్పాండెంటు గారు మెడ వంచారు. దండ ఆయనను దాటుకుని వెళ్లి మేజరు మెడలో పడింది. ముత్తైదువలు దాని నుదుట పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చారు. అమ్మగారి ముఖం పౌర్ణమిలా వెలిగింది. "సూడండి, పల్లెటూరోళ్లకు ఉండే సంస్కారం!" అన్నారు మొగుడితో. కరస్పాండెంటు గారు కెమెరా తీసి నాకేసి తల ఊపారు. ఆ ఊపులో పర్మనెంటు ఆర్డరు నాకు స్పష్టంగా కనిపించింది. సంతకంతో సహా.

మధ్యాహ్నం పూజయ్యాక గుడి ముందు అరిటాకు వేసి దాన్నిండా మిరియాల వడలు పోశారు. ఊరి కుక్కలు దూరంగా కూర్చుని, అనుభవమున్నవాళ్లలాగా పక్కకు చూస్తున్నాయి. బేబీ ఒకసారి వాసన చూసి తుమ్మింది. మేజరు ముందుకు నడిచింది. కరకరమని చప్పుడు వినిపించింది. రెండు నిమిషాల్లో వడలు లేవు, ఆకులో సగం లేదు. ఊరంతా ఒక్కసారిగా సాష్టాంగపడింది. ఒక ముసలమ్మ ఏడుస్తూ "వచ్చినాడు! మా సామి వచ్చినాడు!" అంది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే.

రెండు రోజులు మేజరుకు పట్టాభిషేకం సాగింది. మెడలో కంచు గంట కట్టారు. వంతులవారీగా నలుగురు మొగాళ్లు కాపలా ఉన్నారు. "చిరుతపులి భయానికి కాబోలు సార్, ఎంత శ్రద్ధో చూడండి," అన్నాను నేను.

మూడో రోజు ఉదయం డేరాలు విప్పి, సామాను కట్టి, మేజరును జీపెక్కించాం. జీపు కదల్లేదు. కదలడానికి దారి లేదు. ముందర ఊరు కూర్చుని ఉంది.

"యాడికి తీసకపోతా ఉండారు సామీ?" అన్నాడు మునస్వామి, ఎంతో మర్యాదగా.

"ఇంటికి," అన్నారు కరస్పాండెంటు గారు.

"మీరు పోండి సామీ. సల్లగా పోయి రాండి. సామిని దించి పోండి."

"ఏ సామిని?"

మునస్వామి జీపు వెనక సీటుకు దండం పెట్టాడు. వెనక సీటులో మేజరు ఆవలించింది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అష్టమి నాడు ఆకు ముట్టిన కుక్క స్వామిదే అవుతుంది. బతికినంత కాలం తోపు దాటకూడదు. పాత కుక్క చచ్చిపోయి మూడేళ్లయింది. వడ దెబ్బకు ఊరి కుక్కలేవీ ఆకు దరిదాపులకు రావడం లేదు. మూడేళ్లుగా వానా లేదు. ఇప్పుడు నేను పిలుచుకొచ్చాను.

"నువ్వు అడగలేదా?" కరస్పాండెంటు గారు నావైపు తిరిగారు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అదే భయం.

"అడిగాను సార్. కుక్కలు రావచ్చునా అని అడిగాను. పోవచ్చునా అని అడగలేదు."

అమ్మగారు జీపు తలుపు పట్టుకుని శిలైపోయారు. ఆ శిలకు మాట వచ్చాక నన్ను అన్న మాటలు అచ్చుకు పనికిరావు. కరస్పాండెంటు గారు గర్జించారు. "ఏమనుకుంటా ఉండారు మీరు? ఇక్కడి ఎస్.ఐ. నా దగ్గర చదువుకున్నాడు!"

"తెలుసు సామీ," అన్నాడు మునస్వామి. "ఆయప్ప నిన్ననే భార్యాబిడ్డల్ని పిలుచుకుని వచ్చి సామికి మొక్కి పోయినాడు."

ఎండెక్కింది. బేబీ తప్ప అందరం అరిచాం. చివరికి, మొదటి రోజు ఏడ్చిన ముసలమ్మే కర్ర పోటేసుకుంటూ లేచింది. "ఒరే మునసామీ, మా తాత దినాల్లో సామి కుక్కకు జబ్బు చేస్తే, మళ్లా బహుళాష్టమి దాకా దాని బదులు ఒక మనిషిని కూసోబెట్టినారు కదరా. ఆకు పాడుబడకుంటే సాలు. నెల గడిచినాక సామే ఇంకో దాన్ని సూసుకుంటాడు."

దాని బదులు ఒక మనిషి. కరస్పాండెంటు గారు డ్రైవరు వైపు చూశారు. డ్రైవరు లేకపోతే జీపు పోదు. అమ్మగారి వైపు చూశారు, వెంటనే చూపు తిప్పుకున్నారు. ఆ తరువాత మిగిలింది నేనూ, బేబీ. బేబీని అమ్మగారు ఎత్తుకుని ఉన్నారు.

"చూడవయ్యా," అన్నారాయన. "జూన్‌లో గవర్నింగ్ బాడీ మీటింగు ఉంది."

అంతే అన్నారు. అంతకన్నా వివరంగా బెదిరించగలిగేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ఆయన చదువుకున్న మనిషి.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు. పెట్టే ముందు రోలు ఎవరిదో కనుక్కోవాలని ఏ పెద్దలూ ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాదు. నేను దిగాను, మేజరు జీపులో ఉండిపోయింది. దాని మెడలోని గంట విప్పి నా దగ్గరికి తెచ్చారు.

"పెద్దాయనా, నేను ఎం.ఏ.," అన్నాను.

మునస్వామి గౌరవంగా తల ఊపి, "అట్లనా? అయితే సిన్నది కడతాం," అన్నాడు.

జీపు దుమ్ములో మేజరు వెనక్కి తిరిగి నన్నే చూస్తూ పోయింది. దాని కళ్లలో కనిపించింది జాలి అనే ఇప్పటికీ నా నమ్మకం.

పని పెద్ద కష్టమైనదేమీ కాదు. తోపు హద్దు దాటకూడదు. పొద్దున్నే పూజ కాగానే మొదటి ఆకు నాది. మొరగాల్సిన పని లేదన్నారు, అందుకు కృతజ్ఞుణ్ణి. మూడో రోజుకు ఒక దవడపన్ను సెలవు తీసుకుంది. వారం తరువాత నాయన పాకాల నుంచి వచ్చి, నన్నూ గంటనూ చాలాసేపు మార్చి మార్చి చూసి, రెండు లుంగీలూ పళ్లపొడి పొట్లమూ ఇచ్చి వెళ్లిపోయాడు.

పన్నెండో రోజు వాన పడింది.

మీకది వానగా వినిపించవచ్చు. నాకు యావజ్జీవ శిక్షలా వినిపించింది. ఊరంతా తడుస్తూనే వచ్చి నా కాళ్ల మీద పడింది. మునస్వామి నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, "కుక్క యాల అప్పా, నువ్వే ఉండిపో. ఇల్లు కట్టిస్తాం. పిల్లను కూడా సూస్తాం," అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, పిల్ల అన్నప్పుడు ఒక్క నిమిషం ఆలోచించాను. ఉద్యోగం పర్మనెంటు అని నాతో మొదట అన్నవాడు ఆయనే మరి.

నన్ను కాపాడింది ఊళ్లో ఒక ఎర్ర కుక్క. నెల రోజులుగా అది రోజూ దూరంగా కూర్చుని నేను తినడం శ్రద్ధగా గమనిస్తూ ఉండేది. వడ తిన్నా నేను చావకపోవడం చూసి దానికి ధైర్యం వచ్చినట్టుంది. మళ్లీ వచ్చిన బహుళాష్టమి నాడు నా కన్నా ముందు ఆకు మీదికి దూకింది. నేను చెప్పకుండానే నా పాఠం నేర్చుకుని ఫస్టు క్లాసులో పాసైన విద్యార్థి నా సర్వీసు మొత్తంలో అదొక్కటే.

గంట విప్పించుకుని తిన్నగా చిత్తూరు వెళ్లాను. కరస్పాండెంటు గారు ఆర్డరు టైపు చేయించి సిద్ధంగా పెట్టుకున్నారు. పర్మనెంటు.

"రెండో ఆయన నీకన్నా బాగా చదువుకున్నవాడే," అన్నారు సంతకం పెడుతూ. "కానీ నాకు కావాల్సింది విశ్వాసం. అది నీ దగ్గర చూశాను. ఇంకొక మాట. ఇకమీదట వేసవి సెలవుల్లో మేజరు బాగోగులు నువ్వే చూసుకోవాలి. అమ్మగారి కోరిక."

ఆ సాయంత్రమే పాకాల బస్సెక్కాను. నాయన అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. ఆర్డరు ఆయన చేతిలో పెట్టి, తూర్పుకు తిరిగి, కుడి చెయ్యి చాపి గంభీరంగా ప్రమాణం చేశాను. "ఏడుకొండలవాడి సాక్షిగా చెబుతున్నా నాయనా! ఈ జన్మలో ఎవరి కుక్కకూ విడిది చూడను. కుక్కకే కాదు, పిల్లికి చూడను, చిలక్కి చూడను. ఏ ఊరికైనా తిరిగొచ్చే దారి కనుక్కోకుండా పోయే దారి అడగను!"

నాయన ఆర్డరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. జాగ్రత్తగా మడిచి నాకు తిరిగిచ్చి, ఇంకో కాయ చిట్లించాడు.

"ఆ ఊరోళ్లు నయం రా. నెలకు ఇడిసిపెట్టినారు. ఈయప్ప నువ్వు రిటైరయ్యేదాకా ఇడిసిపెట్టడు."