కాగితాల చట్టం మీద సాక్ష్యానికి

నేను కోరుకుని చేసిన ప్రయాణం కాదిది. ఎనభయ్యో దశకం మొదట్లో కాలిఫోర్నియాలోని మోడెస్టో ఊరి అంచున, టమాటాలను డబ్బాల్లోకెక్కించే క్యానరీల పక్కనున్న ఒక చిన్న క్లినిక్‌లో నర్సుగా పనిచేసేదాన్ని. ఆ వేసవిలో రాష్ట్ర శాసనసభ ముందుకు ఒక బిల్లు వచ్చింది. దేశంలో ఉండటానికి అనుమతి లేనివాళ్ళను పనిలో పెట్టుకుంటే యజమానికి జరిమానా వేయాలని, పనివాళ్ళ కాగితాలను రాష్ట్ర అధికారులే తనిఖీ చేయాలని దాని సారం. ఇమిగ్రేషన్ సంగతి వాషింగ్టన్ చూసుకోవాలి గాని రాష్ట్రానికేం పని అని కొందరు, వాషింగ్టన్ చూడకపోబట్టే మన కూలి పడిపోయిందని కొందరు. బిల్లు మాట పుట్టిన నెలలోనే, రోగులు భయపడి రావడం మానేసి, మా క్లినిక్ వరండా సగం ఖాళీ అయింది. ఎవరైనా వెళ్ళి ఈ సంగతి కమిటీకి చెప్పాలన్నాడు మా డాక్టరు. రోగులను వదిలి ఆయన కదలలేడు. రాజధాని శాక్రమెంటోకి నేను బయల్దేరాను.

ఉదయం ఆరుంబావుకి మా ఆయన ప్రభాకర్ నన్ను బస్‌స్టేషన్‌కి తీసుకెళ్ళాడు. కారు ఆపాక అన్నాడు.

"ఈ పాలిటిక్స్ మనకెందుకు సుగుణా? నెక్స్ట్ ఇయర్ సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలి. నీ పేరు రికార్డ్‌లోకి ఎక్కడం నాకిష్టం లేదు."

"రోగుల సంగతి ఒక్కటే చెప్పి వచ్చేస్తానండీ" అన్నాను.

టికెట్ల వరసలో తెరెసా కనిపించింది. పదిహేనేళ్ళుగా క్యానరీలో బెల్టు మీద పండ్లు ఏరే మనిషి. భుజం నొప్పితో ఆరేళ్ళుగా మా దగ్గరికి వస్తోంది. వాళ్ళింట్లో ఎన్నిసార్లు భోంచేశానో లెక్కలేదు, వాళ్ళను మా ఇంటికి పిలవడం మాత్రం ఎప్పుడూ కుదరలేదు. ఆ రోజు నీలం గౌను వేసుకుని, జుట్టు ముడి పెట్టుకుని, చర్చికి వెళ్తున్నట్టుంది. తానూ శాక్రమెంటోకే, ఆ కమిటీ ముందుకే అంది. తోడు దొరికిందని సంతోషించాను. ఆరూ నలభైకి బస్సు కదిలాక తెలిసింది, ఆమె బిల్లుకు అనుకూలంగా మాట్లాడటానికి వస్తోందని.

"నువ్వా?" అన్నాను.

"నేనే. నాకు గ్రీన్ కార్డుంది, పన్ను కడతాను. నాకెందుకు భయం?"

ఏడున్నరకు స్టాక్టన్‌లో తలపాగా చుట్టుకున్న ఒక పంజాబీ పెద్దాయన ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్నాడు. యూబా సిటీలో పీచ్ తోటలున్నాయట. నా వచ్చీరాని హిందీకి సంబరపడి, తిండి డబ్బా తెరిచి చెరో పరాఠా ఇచ్చాడు. మేమెక్కడికి వెళ్తున్నామో విని ఇంగ్లీషులోకి మారాడు.

"పీచ్ పండు ఎవరి కోసమూ ఆగదమ్మా. కోసేవాడి కాగితాలు చూసేలోపు నేలపాలవుతుంది. ఆ మాటకొస్తే, అరవై ఏళ్ళ కింద నేనూ కాగితాలతో రాలేదు."

"మీరిచ్చే కూలి ఎంత?" అని అడిగింది తెరెసా. "పోయిన సీజన్‌లో మేం సమ్మె చేస్తే, వ్యాన్లలో మనుషుల్ని తెచ్చి మా బెల్టుల దగ్గర నిలబెట్టారు. ఒక్కడికీ కాగితాల్లేవు. నాలుగో రోజుకి మేం తలొంచుకుని లోపలికెళ్ళాం."

పెద్దాయన పరాఠా నమలడం ఆపి, కిటికీ వైపు తిరిగాడు. బయట టమాటా చేలు, వాటి మధ్య వంగిన వీపులు.

తొమ్మిదికి శాక్రమెంటోలో దిగాం. బస్‌స్టేషన్ నుంచి శాసనసభ భవనానికి నడిచి పోవచ్చు. ఎవరైనా సరే లోపలికి వెళ్ళవచ్చు, సాక్ష్యం చెప్పేవాళ్ళు గది బయట పేరు రాయాలి, అంతే. పదికి మొదలైన సమావేశంలో మా బిల్లు వంతు వచ్చేసరికి పదకొండూ నలభై అయింది. రైతుల తరఫు మనిషి పంట కుళ్ళిపోతుందన్నాడు. కార్మిక సంఘం నాయకుడు కూలి కుళ్ళిపోయిందన్నాడు. ఒక లాయరమ్మ లేచి, జరిమానాకు భయపడ్డ యజమాని కాగితాలు చూడడు, మొహం చూసి వద్దంటాడు అంది.

నాకిచ్చింది రెండు నిమిషాలు. క్యానరీలో బెల్టు కింద చెయ్యి నలిగిన ఒకతని గురించి చెప్పాను. క్లినిక్‌కి వస్తే పేరు రాసుకుంటారన్న భయంతో అతను ఇంట్లోనే గుడ్డ చుట్టుకుని పన్నెండు రోజులు పడుకున్నాడు. మా దగ్గరికి మోసుకొచ్చేసరికి రెండు వేళ్ళు నల్లబడిపోయాయి. వాటిని తీసేయవలసి వచ్చింది.

"ఆయన దగ్గర కాగితాలున్నాయా?" అని అడిగాడు కమిటీ సభ్యుడొకాయన.

"నేనడగలేదు. అది నా పని కాదు."

వెనకెవరో నవ్వారు. ఆయన ఏదో రాసుకున్నాడు.

తర్వాత తెరెసా. ఆమెకు ఇంగ్లీషు తడబడుతుంది గాని గొంతు తడబడలేదు. సమ్మె సంగతి, కూలి సంగతి బస్సులో చెప్పినట్టే చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఇందాకటి సభ్యుడే ముందుకు వంగి, "అమ్మా, ఈ బిల్లు మీలాంటి చట్టబద్ధమైన కార్మికుల కోసమే" అన్నాడు. ఆమె మొహం వెలిగింది. బయటికొచ్చి, పార్కులో చెట్టు కింద కూర్చుని ఆమె తెచ్చిన టోర్టియాలు, బీన్సు తిన్నాం. వాదన పెట్టుకోలేదు.

తిరుగు బస్సు రెండున్నరకి. రెండింటికి బస్‌స్టేషన్‌కి చేరితే, బస్సెక్కే ద్వారం దగ్గర యూనిఫాంలో ఇద్దరు ఇమిగ్రేషన్ అధికారులు నిలబడి ఉన్నారు. మా ముందున్న తెల్ల కుర్రాణ్ణి ఏమీ అడక్కుండా వదిలి, నన్ను ఆపారు. పర్సులోంచి గ్రీన్ కార్డ్ తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశారు. తెరెసా పర్సు తెరిచి వెతికింది, బోర్లించింది. రుమాలు, జపమాల, దువ్వెన. నీలం గౌనుకి నప్పుతుందని వేరే పర్సు తెచ్చుకుంది. కార్డు ఇంట్లో, రోజూ పనికి తీసుకెళ్ళే పర్సులో ఉండిపోయింది.

అధికారి నా వైపు తిరిగాడు. "ఈమె మీతో వచ్చిందా?"

నేను నా కార్డును ఇంకా చేత్తో పట్టుకునే ఉన్నాను. "ఒకే బస్సులో వచ్చాం" అన్నాను.

అబద్ధం కాదు. అంతకంటే ఏ మాటా నా నోట రాలేదు. తెరెసా ఒక్కసారి నా కళ్ళలోకి చూసి, వాళ్ళ వెంట వ్యాను వైపు నడిచింది.

వ్యాను తలుపు వేస్తుంటే అప్పుడు పరిగెత్తాను. ఆమెను ఆరేళ్ళుగా ఎరుగుదునని, పొద్దున శాసనసభలో ఆ బిల్లు కోసమే మాట్లాడిందని ఏకధాటిగా చెప్పాను.

"అది రాష్ట్రం వాళ్ళది మేడమ్. మాది ఫెడరల్, వాషింగ్టన్ కింద" అన్నాడు అతను మర్యాదగానే. "ఎవరైనా కార్డు తెస్తే వదిలేస్తాం." ఆఫీసు అడ్రసు ఒక చీటీ మీద రాసిచ్చాడు.

స్టేషన్‌లోని ఫోన్ నుంచి తెరెసా కూతురు లూసియాకు చెప్పాను. తర్వాత ప్రభాకర్‌కి.

"వాళ్ళమ్మాయి హ్యాండిల్ చేస్తుంది కదా. నువ్వు బస్సెక్కి వచ్చేయ్" అన్నాడు.

"రాను" అన్నాను. బస్సు నన్ను వదిలి వెళ్ళిపోయింది.

లూసియా కార్డు తీసుకుని ఐదుంబావుకి వచ్చింది. తెరెసాను బయటికి పంపేసరికి ఆరున్నర. ముడి ఊడిపోయి ఉంది. లూసియా కారులో ముందు వాళ్ళిద్దరూ, వెనక నేను. గాల్ట్ ఊరు దాటాక తెరెసా అంది.

"లోపల పదకొండు మంది ఉన్నారు. ఒకడి చేతులు చూశాను, టమాటా చెట్టు పసరు ఎండి నల్లగా ఉన్నాయి. నా బెల్టు మీదికొచ్చే పండు కోసే చేతులు."

"అమ్మా, ఇంక మర్చిపో" అంది లూసియా.

"కూలి గురించి చెప్పింది నిజమే. మళ్ళీ అడిగినా అదే చెప్తాను. కానీ మీలాంటివాళ్ళ కోసమే అన్నాడే కమిటీలో ఆయన, కార్డున్నదాన్నని నన్నెలా గుర్తుపడతారని అడగాల్సింది."

నేను ముందు సీటు వైపు వంగాను. "తెరెసా, బస్‌స్టేషన్‌లో నేను..."

"విన్నాను" అంది, వెనక్కి తిరక్కుండా.

ఆ బిల్లు ఆ యేడు కమిటీ గడప దాటలేదు. అయినా సీజన్ అయ్యేలోపు క్యానరీవాళ్ళు ఎందుకైనా మంచిదని స్పానిష్ పేర్లున్నవాళ్ళను మాత్రం కాగితాలు తెమ్మన్నారు. కార్డున్నవాళ్ళలోనూ కొందరిని మరుసటి యేడు పిలవలేదు. మా వరండా సగం ఖాళీగానే ఉండిపోయింది. చట్టం పుట్టకముందే ఎంత పని చేయగలదో, ఎవరెవరి చేత చేయించగలదో రాజధానికి వెళ్ళి తెలుసుకున్నాను.

ఆ రోజు ఎనిమిదింటికి వాళ్ళ వీధికి చేరాం. ఇంకా కొంచెం వెలుతురుంది. తెరెసా దిగి, గేటు తీసుకుని, నెమ్మదిగా మెట్లెక్కింది. ఎప్పుడు వెళ్ళినా కాఫీ తాగందే కదలనిచ్చే మనిషి కాదామె. ఆ సాయంత్రం లోపలికెళ్ళి తలుపేసుకుంది. లూసియా కారు వెనక్కి తిప్పి, "మీ ఇల్లు ఎటువైపు, ఆంటీ?" అని అడిగింది.