బోణీ వేళ ఒక ఫార్మాట్

మా వాళ్లెవరూ ‘లేదు’ అన్న మాట కొట్లో పలకరు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. అడిగిన సరుకు లేకపోతే రేపొస్తుందంటాం. బోణీ కాకముందైతే తల అడ్డంగా ఊపడం కూడా తప్పే. నాన్న కిరాణా కొట్లో పెరిగిన నాకు, పొద్దున్నే ఎవరేమడిగినా ముందు ‘సరే’ అనేసి, ఆ తర్వాత ఎలా తప్పించుకోవాలా అని ఆలోచించడం ఇప్పటికీ పోని అలవాటు.

అందుకే బిట్రగుంట స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు నడిపే మా బాబాయి ఆ రోజు చేసిన పనికి నేను ఆశ్చర్యపోలేదు. షాపు తీసి అగరొత్తి వెలిగిస్తుండగానే ఒక అక్క వచ్చింది. కొడవలూరు దగ్గర ఒక పల్లెలో, చర్చి ఆడవాళ్ల ప్రార్థన కూడిక నడిపే మనిషి. చేతిరుమాల్లో చుట్టిన హార్డ్ డిస్కు ఇచ్చి, అందులోని ఒక పాటను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమంది. బాబాయి దాన్ని తన కంప్యూటరుకు తగిలించాడు. విండోస్‌కు ఆ డిస్కు అర్థం కాలేదు. వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది. ఇంకా బోణీ కాలేదు. అడిగింది యంత్రమే అయినా, వద్దనడానికి మా బాబాయికి చెయ్యి రాలేదు.

ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్లను ఇంట్లో కూర్చుని చూసుకునే ఉద్యోగం నాది. బంధువుల లెక్కలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. ఫోను రాగానే ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లాను.

“ఏం కాలేదబ్బయా. శుభ్రంగా తెరుచుకునింది. లోపల మటుకు సరుకు నిండుకునింది,” అన్నాడు బాబాయి.

“నిండుకునిందా! పొట్టన పెట్టుకున్నావు గదన్నా,” అంది స్టూలు మీద కూర్చున్న అక్క.

ఆమె చెప్పగా సంగతి తెలిసింది. కూడికలో ఆడవాళ్లు పాటలు పాడతారు, తర్వాత సాక్ష్యం చెబుతారు. సాక్ష్యమంటే దేవుడు తమకేం చేశాడో చెప్పడం. అది చెప్పబోయి ఇంటి గుట్టంతా చెప్పుకుంటారు, మొగుడి తాగుడూ, ఆడబిడ్డ మాటలూ. అక్క అన్నిటినీ ఫోనులో రికార్డు చేసి ఆ డిస్కులో దాచేది. ఒకరి గుట్టు ఇంకొకరి చెవిన పడకూడదని మేనల్లుడు డిస్కు మొత్తానికి, విండోస్‌కు తెలియని లినక్స్‌లో తాళం వేసి ఇచ్చాడు. పాస్‌వర్డు ఆమెకొక్కదానికే తెలుసు. దాన్ని తెరిచే ల్యాప్‌టాప్ పాడైపోయింది. కూడికకు వచ్చే ముసలామె, నాట్లు వేసుకుని బతికిన మనిషి, ఈ మధ్యే పోయింది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. కూతురు వాళ్లమ్మ పాట అడిగింది.

“ఆ పిల్లకాడ వాళ్లమ్మ ఫోటో ఉంది గానీ గొంతు లేదు నాయనా. యాడ తెచ్చేది నేను?”

ఇలా తాళం వేసిన డిస్కుకు మొదట్లో కొద్దిగా జాగా ఉంటుంది. హెడ్డరు అంటారు. ఏ రకం తాళమో, ఎన్ని పాస్‌వర్డులు పెట్టారో అక్కడ రాసి ఉంటుంది. అసలు తాళంచెవి కూడా పాస్‌వర్డుతో మూసేసి ఆ పక్కనే ఉంటుంది. అది చెరిగిపోతే సరైన పాస్‌వర్డు చెప్పినా ఏమీ తెరుచుకోదు. ఫార్మాట్ అనగానే విండోస్ రాయడం మొదలుపెట్టేది సరిగ్గా ఆ చోటనే.

సరుకు చూసేటప్పుడు ముఖంలో ఏదీ కనపడనివ్వకూడదని నాన్న నేర్పాడు. అలాంటి ముఖమే పెట్టుకుని, డిస్కును నా ల్యాప్‌టాప్‌కు తగిలించి, నల్ల తెర మీద ‘క్రిప్ట్‌సెటప్ లక్స్‌డంప్’ అని కొట్టాను. ఆ ఆజ్ఞ హెడ్డరును చదివి చూపిస్తుందంతే, దేన్నీ ముట్టుకోదు. ఇది తాళం వేసిన డిస్కే కాదు పొమ్మంది.

చేపలు కొనే దగ్గర కూడా నేను మొదటి మాటకు ఒప్పుకోను. రెండడుగులు వేసి వెనక్కి తిరుగుతాను. అమ్మేవాళ్లు పిలవకపోయినా తిరుగుతాను, అది వేరే సంగతి. ఇక్కడా అంతే. డిస్కు మొదట్లో ఉన్న అక్షరాలను ఉన్నవున్నట్టుగా తెర మీదికి తెచ్చుకుని చూశాను. పైనంతా విండోస్ రాతలే. ఇంకాస్త కిందికి దిగితే హెడ్డరు రెండో ప్రతి గుర్తు కనిపించింది. ఈ కొత్త రకం తాళాలు హెడ్డరును రెండుసార్లు రాసుకుంటాయి. బాబాయి కొట్టిన ఫార్మాట్ ఆ రెండోదాని దాకా రాలేదు.

ముందు ఆ భాగమంతా నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ తీసుకున్నాను. తర్వాత మరమ్మతు ఆజ్ఞ కొట్టాను. నిజంగానే చేయమంటావా అని అది అడిగింది.

“వద్దను! వద్దను అబ్బయా!” అని బాబాయి నా భుజం పట్టుకున్నాడు.

“ఇప్పుడొచ్చిందా అన్నా నీకు వద్దనేది,” అంది అక్క.

చేయమనే కొట్టాను. మళ్లీ లక్స్‌డంప్. ఈసారి వరసగా చదివింది. తాళం రెండో తరం. పాస్‌వర్డుకు ఒకే గడి, అదీ భద్రంగా ఉంది. నిజానికి అప్పటిదాకా నాకూ నమ్మకం లేదు. ముఖం మాత్రం అదే ముఖం.

అక్క పాస్‌వర్డు కొడుతుంటే మేమిద్దరం రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాం. డిస్కు తెరుచుకుంది. ఫార్మాట్ లోపల కూడా అక్కడక్కడ గీసినట్టుంది, కొన్ని రికార్డింగులు పలకలేదు. అక్క ఒక్కొక్క పేరూ చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. నొక్కింది.

ముందు దగ్గు వినిపించింది. “వస్తా ఉందామ్మా దాంట్లో?” అని ముసలి గొంతు. తర్వాత పాట. నాట్లు వేసేటప్పటి వరస మీద యేసుప్రభువు మాటలు. చరణం చివర ఊపిరి అందక కాసేపు ఆగి, ఆగినచోటి నుంచే ఎత్తుకుంది. బాబాయి జిరాక్స్ మిషను ఆపేశాడు.

పాట అయిపోయింది. గొంతు తగ్గించి ముసలామె మాట్లాడడం మొదలుపెట్టింది.

“మా పిల్లకి చెప్పబాకండి గానీ...”

అక్క గబుక్కున ఆపేసింది.

“పాట దాకా కోసియ్యి నాయనా.”

“అక్కా, ఆ అమ్మాయి అడిగేది గొంతే గదా. ఇంకొంచెం ఉంటే...” బేరం నా నోట్లో దానంతటదే వస్తుంది.

“చెప్పబాకమన్నాక ఇంకొంచెమేంది?”

“కూతురికి కూడానా?”

“కూతురికే గదా చెప్పొద్దనింది.”

ఆ రికార్డింగును కోయడానికి తెర మీదికి తెచ్చుకున్నాను. అక్క డిస్కును పక్కకు జరిపి, నా వేలు ఎక్కడ పెడుతున్నానో చూస్తూ కూర్చుంది. పాట చివరి మాట తర్వాత ముసలామె ఊపిరి తీసుకున్న చప్పుడు ఉంది. దాన్ని ఉంచమంటారా అని అడిగాను.

“ఉంచు,” అంది అక్క. “అది ఆ పిల్ల సొత్తే.”

ఊపిరి అయిన చోట కోశాను.