గోడెక్కిన మా బావ

మీ గోడ మీద దండ వేసుకుని ఉన్న మనిషి ఎవరో మీకు నిజంగా తెలుసా? తెలుసనేముందు, మొన్న నేను రాయగడ దగ్గర కల్యాణసింగ్‌పూర్‌లో ఒక బియ్యం కొట్లో చూసింది వినండి. గల్లాపెట్టె పైన, దేవుళ్ళ వరసలో, బంతిపూల దండలో మా బావ! నుదుట బూడిద, గుండెల దాకా గడ్డం, ముందు వెలుగుతున్న అగరొత్తి. మా అక్క మొగుడు. కొరాపుట్ జిల్లాలో ప్రభుత్వ కర్మాగారపు ఇంజినీరు.

బావకి సినిమా పిచ్చి. వాన తెరిపిచ్చిన ప్రతి ఆదివారం కెమెరా సంచీ తగిలించుకుని కొండలెక్కేవాడు, గొడుగు పట్టుకుని వెనకాల నేను. అక్క పెళ్ళినాటి దుప్పటి తెర అయింది. నిలువుటద్దం ఎండని మొహాల మీదకి మళ్ళించే పనిలో పడి పగిలింది. ఆయన తీసింది ఒకే కథ: పాము కరిచిన పిల్లని ఆస్పత్రికి పోనివ్వకుండా మంత్రం వేసి చంపే స్వామి కథ. ఆ వేషానికి మనిషి దొరకలేదు. తోటి ఇంజినీర్లలో ఒకాయన భార్య నీళ్ళోసుకుందన్నాడు, ఇంకొకాయనకి శని నడుస్తోందట. రోజూ కరెంటుతో చెలగాటమాడేవాళ్ళు ఉత్తుత్తి మంత్రానికి జడిశారు. చివరికి బావే గడ్డం పెంచాడు. “పాలోడు కూడా దండమెట్టి ఎల్తున్నాడు, ఆ గడ్డం గీయించీండి” అని అక్క గోల.

ఆ బియ్యం కొట్టు సావుకారు విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. తన గిడ్డంగి ఇచ్చాడు. పట్టపగలే షట్టర్లు దించి, జనాన్ని బస్తాల మీద కూర్చోబెట్టి సినిమా వేశాం. తెరమీద పిల్ల చచ్చిపోయింది. చీకట్లో బావ నా చెయ్యి నొక్కి పట్టుకున్నాడు. అప్పుడు వెనకనించి సావుకారు గొంతు: “దానికి ఆయువు లేదు. సావిఁదేటి తప్పు?”

జనం ఔనంటే ఔనన్నారు.

దుప్పటి మడత పెడుతుంటే బస్తాల వెనక కేక. సావుకారు కోడల్ని పాము కరిచింది. అందరూ బావ కాళ్ళ మీద పడ్డారు.

“నాకు మంత్రాల్రావు, నాను ఇంజినీర్ని! రాయగడ ఆస్పత్రికి తీసుకెల్దాం!”

సావుకారు భార్య కోడల్ని వాటేసుకుని కదలనివ్వదు. “ఇక్కడే ఎయ్యండి సావీఁ!”

బావ ఒకసారి నా వంక చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి, సినిమాలో గొంతుతో ఉరిమాడు: “పారే ఏరు దాటితే గానీ ఇసం దిగదు. బండెక్కించండి!”

మారుమాట లేకుండా ఎక్కించారు. మేం వచ్చిన జీపు నేను తోలుతుంటే, దారి పొడుగునా వెనక బావ మంత్రం చదివాడు. అవి కాలేజీలో బట్టీ పట్టిన లోహాల సూత్రాలు, ఆల్ఫా బీటాలతో సహా. ఆస్పత్రిలో సూదిమందు వేశారు. ఆ అమ్మాయి బతికింది.

“బాగా యాక్టు సేసింది ఈ ఒక్క రోజేరా బామ్మర్దీ” అన్నాడు ఆస్పత్రి మెట్ల మీద. “నా సినిమాని నానే సంపీసేను.”

మళ్ళీ కెమెరా ముట్టలేదు. ఇప్పుడు ఆదివారాలు మధ్యాహ్నం దాకా పడుకుంటాడు.

ఆ సినిమా వేషం ఫొటోనే పటం కట్టించి పెట్టుకున్న సావుకారుకి మొన్న ఇదంతా విడమరిచి చెప్పాను. అది వేషమనీ, బతికించింది సూదిమందేననీ.

“ఇంజినీరైతే ఏటి బాబూ? దేవుడు ఏ ఏసంలోనైనా వస్తాడు” అని నవ్వి, మాటల్లో ఇంకొకటి చెప్పాడు. ఈ వానల్లో బస్తాలు మోసే కూలీ ఒకణ్ణి పాము కరిస్తే, ఈ పటం ముందే పడుకోబెట్టి బూడిద రాశారట.

“తరవాత?”

“ఆడికి ఆయువు లేదు.”

మంచినీళ్ళు తెచ్చిన కోడలు, మామగారు అటు తిరగ్గానే, గొంతు తగ్గించి అంది: “నాను బతికింది సూదిమందుకేనండి. నాకు తెల్దేటి? మా అత్తకి ఎలాగ సెప్పేది?”

కూలీ సంగతి బావకి నేనింకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. ఏళ్ళు గడిస్తే అబద్ధం దానంతటదే రాలిపోతుందని ఒకప్పుడు హేతువాద సభల్లో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. రాలదు. ఏళ్ళు గడిచేకొద్దీ దానికి కొత్త దండలు పడతాయి. ఆ కోడలికి తెలుసు, మీకూ తెలుసు. ఆమెలా గొంతు తగ్గించకండి, చేతిలో గ్లాసు పక్కన పెట్టండి. కుర్చీ వేసుకుని ఎక్కి, అందరూ చూస్తుండగా, మీ గోడ మీది ఆ పటం దించండి.