ఫార్మాట్ తీర్పుపై నా అప్పీలు

మాదాపూర్‌లో మేము కాలేజీ ప్రాజెక్టు చేస్తున్న సంస్థలో ఏ కంప్యూటర్ మొరాయించినా, ఫార్మాట్ చేయడం, అంటే డిస్కును తుడిచేసి అన్నీ మళ్లీ ఎక్కించడమే ఆచారం. ఈ రోజు ఆ వంతు మా కంప్యూటర్‌కు వచ్చింది. నెట్‌వర్క్ తెరిచిన ప్రతిసారీ నీలి తెర పడి ఆగిపోతోంది. మా ప్రాజెక్టు ప్రదర్శన సాయంత్రమే. ఆ తుడుపుకు రోజంతా పడుతుంది.

"ఫార్మాట్ కొట్టుడే, ఇంకో దారి లేదమ్మా," అంటూ సిస్టమ్స్ చూసే యాదగిరి గారు ఫ్లాపీతో వచ్చారు.

"నేరమేమిటో తేలకుండా శిక్ష ఏమిటండీ?" అని అడ్డుపడ్డాను.

"నీతోని మాటల గెల్వలేను తల్లీ! గంట టైమిస్త, చూస్కో."

సెట్టింగులు వెదికితే, నెట్‌వర్క్ కార్డుకూ, మొన్ననే బిగించిన సౌండ్ కార్డుకూ ఒకే ఐఆర్‌క్యూ నంబరు కనిపించింది. అంటే, ప్రాసెసర్‌ను పిలవడానికి రెండూ ఒకే తలుపు దగ్గర తోసుకుంటున్నాయి. నెట్‌వర్క్ కార్డుకు వేరే నంబరు ఇచ్చాను. ఇక నీలి తెర పడలేదు.

"ఇంతకీ ఆ సౌండ్ కార్డు ఎవరు బిగించారండీ?"

"ఏంది, మేం పాటలు వినొద్దా?" అన్నారాయన, నవ్వాపుకోలేక.

ప్రదర్శన దిగ్విజయంగా ముగిసింది. విచారణ లేని ఈ ఫార్మాట్ న్యాయాన్ని ఇంకా సమర్థించేవారుంటే ముందుకు రండి. వాదనకు నేను సిద్ధం. నేపథ్యంలో యాదగిరి గారి పాటలు నిరాటంకంగా మోగుతూనే ఉంటాయి.