జానెడు పక్కకి

ఆంతిగ్వా అనే ఊళ్లో పాత సామాన్లు బాగుచేసే ఎవారిస్తో మేస్త్రి రంపం పెట్టేముందు ఏ చెక్కనైనా గోటితో గీరి వాసన చూస్తాడు; అది ఏ ఇంట్లో దేనికి వాడిందో ఆ వాసనే చెప్పేస్తుంది. ఈమధ్య ఆ అలవాటే అతని ప్రాణం తీస్తోంది. ఊళ్లో అందరికీ ముత్తాతలనాటి సొరుగుల బల్లలకి బొక్కకొట్టి స్నానాలగదిలో బేసిన్లు బిగించుకోవాలని పిచ్చి పట్టింది. మొన్న రెఫూహియో అమ్మగారి దేవదారు బల్ల గీరితే మైనం వాసన కొట్టింది. పైన కొవ్వొత్తులు కాల్చిన నల్లమచ్చలు, వాటి నడుమ అరచేతంత రంగు మాయని గుండ్రం.

“ఇక్కడ మేరీమాత ఉండేది కదమ్మా?”

“మా అత్తగారు పెట్టుకునేది. ఇప్పుడు హాల్లో అద్దాలపెట్టెలో ఉందిలే. నువ్వు సరిగ్గా మధ్యలో కొయ్యి.”

“ఆవిడ దణ్ణం పెట్టుకున్నచోట మీరు పళ్లు తోముకుని ఉమ్ముతారా? కొయ్యమనడానికి నోరెలా వచ్చిందమ్మా?”

“నువ్వు కాకపోతే ఇంకొకడు కోస్తాడు.”

ఇంకొకడు కోస్తే ఆ గుండ్రం కూడా మిగలదనుకుని మేస్త్రి పనికి ఒప్పుకున్నాడు. గొట్టాల కోసం సొరుగుల వెనక చెక్క కోస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. బేసిన్ బిగించాక, చూడ్డానికొచ్చిన ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేంటయ్యా, బేసిన్ జానెడు పక్కకి పోయింది! వంకరగా లేదూ?”

“వంకర కాదమ్మా,” అన్నాడు మేస్త్రి, ఆ గుండ్రం మీది పొట్టు తువ్వాలుతో తుడుస్తూ. “ఇక్కడ మాత నిలబడి ఉందని కనీసం బేసినైనా పక్కకి జరిగింది.”