నవ్వితే నాలుగు మార్కులు

ఆమెకు రాని జబ్బు లేదు. సోమవారం కాలు విరుగుతుంది. మంగళవారం నూట మూడు జ్వరం. బుధవారం పక్షవాతం, అదీ ఎడమవైపు మాత్రమే. గురువారం స్పృహ తప్పుతుంది. శుక్రవారం ఆపరేషన్ అయి, కుట్లు కూడా విప్పించుకుని, శనివారం మధ్యాహ్నానికి గుండ్రాయిలా లేచి తను పడుకున్న దుప్పట్లు తనే ఉతుక్కుంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. ఇన్ని రోగాలు పడి, ఒక్క మాత్ర కూడా మింగకుండా బతికి బట్టకట్టిన మనిషి ఇంకెక్కడైనా ఉంటే చూపించమనండి.

ఉద్యోగం పేరు మాత్రం ల్యాబు అటెండరు. నర్సింగు స్కూలు రెండో అంతస్తులో, వసారా చివరన ఉన్న ప్రాక్టికల్స్ గది ఆమెది. ఆరు మంచాలు, మూడు బొమ్మలు, గోడల నిండా చార్టులు, ఓ మూల కారే కుళాయి. బొమ్మల ఒళ్ళు తుడవడం, పరుపులు దులపడం, బేసిన్లు తోమడం ఆమె పని. చేరిన కొత్తల్లో, సరిగ్గా పరీక్షరోజున, పెద్ద బొమ్మ మెడ ఊడి చేతికొచ్చింది. బయట పిల్లలు వరస కట్టి ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాలు అటు చూసి ఇటు చూసి, "నువ్వు పడుకో అమ్మా" అన్నారు. పడుకుంది. బొమ్మకి మెడ మర్నాడే అతికించారు గానీ, ఆమెని మంచం మీంచి లేపాలని మాత్రం ఎవరికీ తోచలేదు. పిల్లలు ఆమెని పేషెంటత్త అని పిలవడం మొదలుపెట్టారు. ఇంట్లో దర్జీ పని చేసే మొగుడు సాయంత్రం ఆమె కాళ్ళు కడుక్కోకముందే, "ఇవాళ ఏం జబ్బోయ్?" అని అడగడం మొదలుపెట్టాడు.

చిక్కు ఎక్కడుందంటే, పేషెంటత్తకి చక్కిలిగింతలు. పక్కటెముకల కింద, నడుముకి పైన, జానెడు చోటు. అక్కడ ఎవరైనా భయపడుతూ, పడీపడనట్టు వేలు ఆనించారా, ఇక అంతే. నవ్వు పొట్టలో పుట్టి మంచంకోళ్ళ దాకా పాకుతుంది. మంచం కిర్రుమంటుంది, బేసిన్లో నీళ్ళు ఒలుకుతాయి, తెరవతల వరసలో ఉన్నవాళ్ళు కూడా కారణం తెలియకుండానే నవ్వేస్తారు. అదే అరచెయ్యి నిండుగా, వెచ్చగా, తడబాటు లేకుండా పడిందనుకోండి, నవ్వు రాదు. పిల్లిపిల్లలా పడుకుంటుంది.

ఈ సంగతి కనిపెట్టింది చార్టుల మేడమ్. గోడల మీది చార్టులన్నీ ఆవిడ చేత్తో రాసినవే. ఆవిడకి ప్రతి పనికీ మెట్లుండాలి. మంచం పట్టిన మనిషికి ఒళ్ళు తుడవడానికి పద్నాలుగు మెట్లు. ఒకటి, చేతులు కడుక్కో. రెండు, తెర లాగు. మూడు, ఏం చెయ్యబోతున్నావో రోగికి చెప్పు. ఆవిడ బెత్తంతో చార్టు మీద కొడుతుంటే పిల్లలంతా ఒక్క గొంతుతో అప్పచెప్పాలి. నవ్వు విషయం తెలిసిన రోజున ఆవిడ, "నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు. రోగి నవ్విందంటే చెయ్యి సరిగ్గా పడలేదన్నమాట. నాలుగు మార్కులు కట్" అని తేల్చేశారు. ఏ రూల్సు పుస్తకంలోనూ లేని ఈ రూలు పన్నెండేళ్ళుగా ఆ గదిలో రాజ్యమేలుతోంది.

ఆ నాలుగు మార్కులతోనే రెండుసార్లు తప్పిన పిల్ల ఒకతి ఉంది. పేరెవరికీ గుర్తులేదు, అందరూ గడగడ అంటారు. పుస్తకం ఏ పేజీ అడిగినా గడగడ అప్పచెప్పేస్తుంది. మనిషి మీద చెయ్యి వెయ్యమంటే ఆ చెయ్యీ గడగడ వణుకుతుంది. మూడోసారి కూడా తప్పితే స్కూలు నుంచి పేరు కొట్టేస్తారు. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. స్టీరింగు పైన, అద్దం పక్కన, తెల్ల యూనిఫాంలో ఉన్న కూతురి ఫొటో పెట్టుకున్నాడట. ఆ ఫొటో తీయించాల్సి వస్తుందేమోనని గడగడకి నిద్ర లేదు. ఆమెతో పాటు పేషెంటత్తకీ లేదు, ఎందుకంటే ఆ పిల్ల రెండుసార్లు తప్పింది ఈమె నవ్వు వల్లే కదా.

సరిగ్గా పరీక్షకి రెండు వారాల ముందు, గోరుచుట్టు మీద రోకటిపోటులా, పరిశీలకురాలు దిగింది. పై ఆఫీసు నుంచి పంపారు. స్కూల్లో ఎలా నేర్పుతున్నారు, పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారు, వెనక కూర్చుని చూసి ఫారం నింపాలి. కళ్ళజోడు, అట్టకి బిగించిన ఫారం, నాలుగు రంగుల పెన్ను. రోజంతా పెదవి విప్పేది కాదు. చార్టుల మేడమ్ బెత్తం దెబ్బలు ఆ రెండు వారాలూ రెట్టింపయ్యాయి.

మూడోనాడు పరిశీలకురాలే సింకు దగ్గరికొచ్చింది. అత్త బేసిన్ తోముతోంది.

"మీ పిల్లలు చూసి నేర్చుకుంటారా, విని నేర్చుకుంటారా, చేసి నేర్చుకుంటారా?"

"మూడు రకాలేనా అండీ?"

"ఫారంలో మూడే గడులున్నాయి."

"మా దగ్గర ఇంకా ఉన్నారండీ. తిట్లు తింటే గానీ బుర్రకెక్కనిది ఒక రకం. తిడితే ఉన్నది కూడా మర్చిపోయేది ఇంకో రకం. పక్కదానికి నేర్పుతూ తను నేర్చుకునేది ఒకటుంటుంది. హాస్టల్లో తలగడకి కట్టు కట్టి, పొద్దున్నే వచ్చి నాకు కట్టేది ఒకటి. దాని చేతిలో నా మోకాలు రెండుసార్లు తలగడయింది."

పరిశీలకురాలు ఫారం అంచున, గడులు లేని చోట, ఎర్ర రంగుతో రాసుకుంది. "మీకివన్నీ ఎలా తెలుసు?"

"నిలబడ్డవాళ్ళకి చార్టు కనిపిస్తుందండీ. పడుకున్నదానికి మొహాలు కనిపిస్తాయి."

"మరి ఆ వణికే అమ్మాయి ఏ రకం?"

"అదే ఇంకా తేల్లేదండీ" అంది అత్త. ఆ మాట అంటున్నప్పుడు బేసిన్ మీద చెయ్యి ఆగిపోయింది.

రోజూ అన్నం వేళ అందరూ కిందికి పోతే, సాధన కోసం అత్త మంచమెక్కేది, గడగడ తెర లాగేది. మొదటి రోజు నాలుగు బేసిన్లు ఒలికాయి. రెండో రోజు ఆ పిల్ల చెయ్యి ఇంకా గాలిలో ఉండగానే అత్తకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి పిల్లకీ నవ్వొచ్చి, ఇద్దరూ చెరో దుప్పటి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. నవ్వు అయ్యాక పిల్ల ఏడ్చింది. అత్త ఆమె కళ్ళు తుడిచి, మళ్ళీ పడుకుంది. ఆరో రోజున గమనించింది, ఈ పిల్ల చెయ్యి కింద పెట్టి చూపు ఎక్కడో పైన పెడుతోందని.

"పైనేముందే?"

"నూట నలభై రెండో పేజీ అత్తా."

"నేనేమో ఇక్కడున్నాను. ఏడో మెట్టు తర్వాత ఎనిమిదోది వస్తుందని నాకేం తెలుసు? నా వీపు చల్లబడుతోందని మాత్రం తెలుసు. నా మొహం చూడు."

గడగడ చూసింది. మూడు క్షణాలు చూసి మళ్ళీ పైకప్పుకి వెళ్ళిపోయింది. అలవాటు అంత తేలిగ్గా పోతుందా.

పరీక్ష ముందు సాయంత్రం ఇదంతా విని దర్జీ, "దానికింత బాధెందుకు? నువ్వు నవ్వకుండా ఉంటే సరిపోయె" అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో అత్తకి తట్టని ఉపాయం. వెంటనే సాధన మొదలైంది. అతను కొలత టేపు కొసతో నడుము దగ్గర పొడుస్తాడు, ఆమె నవ్వకూడదు. ఇద్దరూ యాభై దాటినవాళ్ళు. అరగంటలో అత్త పదకొండుసార్లు ఓడిపోయింది. అతను పొడవడం మానేసి గోడకి ఆనుకుని తనే పడీపడీ నవ్వాడు. పన్నెండోసారి ఆమెకి కిటుకు దొరికింది. ఊపిరి బిగబడితే నవ్వు రాదు.

మర్నాడు పదకొండు గంటలకి గడగడ వంతు. మంచం పక్కన చార్టుల మేడమ్, మార్కుల కాగితం. వెనక స్టూలు మీద పరిశీలకురాలు, ఫారం. మొత్తం యాభై మార్కులు, గట్టెక్కాలంటే ఇరవై అయిదు రావాలి. గడగడ చేతులు కడుక్కుంది, తెర లాగింది, "అత్తా, మీ ఒళ్ళు తుడుస్తాను" అని చెప్పింది. దుప్పటి కప్పింది. పక్కకి తిప్పింది. అయిదు మెట్లూ అయ్యాయి. ఆరో మెట్టుకి తడిబట్ట వీపు మీద పడింది, దాని వెనకే వణికే వేళ్ళు ఆ జానెడు చోటికి చేరాయి.

అత్త ఊపిరి బిగబట్టింది. విషాదకరమైనవి గుర్తు తెచ్చుకుందామని చూసింది. అత్తగారి పోరు గుర్తుచేసుకుంటే అత్తగారు స్టూలు మీంచి పడిన రోజు గుర్తొచ్చింది. చిన్నప్పుడు తప్పిన లెక్కల పరీక్ష గుర్తుచేసుకుంటే లెక్కల మాస్టారి తుమ్ము గుర్తొచ్చింది. లోకంలో ఏడుపు అనేదే లేకుండా పోయింది. పళ్ళు బిగించింది, కాలివేళ్ళు ముడిచింది. చెవులు వేడెక్కాయి. అయినా చప్పుడు చెయ్యలేదు. పైకప్పులో నూట నలభై రెండో పేజీ చదువుకుంటున్న గడగడకి రావలసిన నవ్వు రాలేదు.

అలవాటైన చప్పుడు ఆగితే మనిషికి తోచదు. గడగడ కిందికి చూసింది. వంకాయ రంగుకి తిరిగిన మొహం కనిపించింది. బట్ట బేసిన్లో పడేసింది.

"అత్తా, మీరు ఊపిరి తీసుకోవడం లేదు."

చార్టుల మేడమ్ పెన్ను ఆగింది. ఈ మాట ఏ మెట్టులోనూ లేదు. గడగడ అరచెయ్యి అత్త వీపు మీద నిండుగా ఆనించింది. "వదిలేయండి. నెమ్మదిగా. నాతో పాటు తీసుకోండి" అంది. అత్త ఊపిరి వదిలేసింది. ఇక నవ్వు తోసుకొస్తుందని కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. రాలేదు. చెయ్యి వీపు మీంచి సరిగ్గా ఆ జానెడు చోటికి దిగింది. అప్పుడూ రాలేదు. పిల్ల ఆమె మొహమే చూస్తోంది. "నీళ్ళు చల్లారిపోయాయి, ఉండండి" అని వెళ్ళి వేడినీళ్ళు పట్టుకొచ్చింది. తొమ్మిదో మెట్టు పదో మెట్టు తర్వాత చేసింది, పన్నెండోది పూర్తిగా మర్చిపోయింది. అత్తకి మాత్రం ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆ మంచం మీద కునుకు పట్టబోయింది.

"మెట్లు తప్పింది, ఇరవై ఆరు" అన్నారు చార్టుల మేడమ్. గట్టెక్కానని గడగడ తడిబట్ట పిండి ఆరవేయబోయింది. ఆవిడ ఇంకా ముగించలేదు. "అది సరే, నువ్వు ఊపిరెందుకు బిగబట్టావమ్మా?"

అత్తకి అబద్ధం చేతకాదు. "నవ్వకూడదనండీ. నవ్వితే ఈ పిల్లకి నాలుగు పోతాయి కదా."

"అంటే నవ్వు వచ్చింది, నువ్వు దాచావు. నాలుగు కట్. ఇరవై రెండు."

మేలు చెయ్యబోయి తానే గొయ్యి తవ్వానని అత్తకి అర్థమైంది. "మేడమ్, మొదట దాచిన మాట నిజమే. ఊపిరి వదిలాక మాత్రం నవ్వు రాలేదండీ. ఒట్టు. చెయ్యి పడింది."

"అప్పటికి నవ్వు అణిగిపోయి ఉంటుంది" అన్నారు మేడమ్.

రెండు వారాలుగా క్లాసులో పెదవి విప్పని స్టూలు మాట్లాడింది. "అణిగిందో లేదో చూస్తే తెలుస్తుంది కదా" అంటూ పరిశీలకురాలు లేచి వచ్చింది. ఫారం మంచం మీద పెట్టింది. చేతులు కడుక్కుంది. పందొమ్మిదేళ్ళుగా ఫారాలు తప్ప మనిషిని ముట్టుకోని చెయ్యి అది. రెండు వేళ్ళు, పడీపడనట్టు, ఆ జానెడు చోట ఆనించింది.

ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పడం కష్టం. పొద్దుట్నుంచి బిగబట్టినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. అత్త మంచం మీద చేపలా ఎగిరింది, బేసిన్ బోర్లా పడింది, నాలుగు రంగుల ఫారం నీళ్ళలో తేలింది, తెర కడ్డీతో సహా ఊడి బొమ్మ మీద పడింది. బయట వరసలో ఉన్న పద్ధెనిమిది మందీ నవ్వులు అందుకున్నారు. చార్టుల మేడమ్ నవ్వకూడదని బెత్తం కొరికారు. బెత్తం కూడా ఆవిడని ఆపలేకపోయింది.

"అణగలేదు" అంది పరిశీలకురాలు, కళ్ళజోడు మీది నీళ్ళు తుడుచుకుంటూ. "అయితే నేను ఫెయిల్."

చార్టుల మేడమ్ పమిటతో కళ్ళొత్తుకుని, ఇరవై రెండు కొట్టేసి మళ్ళీ ఇరవై ఆరు వేశారు.

"ఆ చెయ్యి ఎలా వేశావమ్మా?" అని పరిశీలకురాలు అడిగింది. గడగడ ఆవిడ చేతిని తన చేతి కింద పెట్టుకుని, అత్త పక్క మీద ఆనించి, "పైకి చూడకండి మేడమ్. అత్త మొహం చూడండి" అంది. చెయ్యి వణకలేదు. అత్త కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. నవ్వు రాలేదు.

"పాసండీ" అంది. "ఈ పిల్ల ఏ రకమో కూడా తేలిందండీ. నేర్పుతూ నేర్చుకునే రకం. రాసుకోండి."

రాసుకోవడానికి ఫారం ఎక్కడుంది? కిటికీ ఊచల మీద ఆరుతోంది.

గడగడ వసారాలోకి పరుగెత్తి నాన్నకి ఫోను చేసింది. బస్సు స్టాండులోనే ఆగి ఉందట. పుస్తకం మొత్తం గడగడ అప్పచెప్పే పిల్లకి "నాన్నా" తర్వాత ఒక్క మాట రాలేదు. అవతల అతను, "ఏమైందమ్మా? మళ్ళీ పోయిందా? పోతే పోనీలే తల్లీ" అంటున్నాడు. తడి జాకెట్టుతో వెనకే వచ్చిన అత్త ఫోను లాక్కుంది.

"పోలేదండీ అన్నయ్యగారూ. పాసైంది. ఫొటో అక్కడే ఉండనివ్వండి."

మాటకి బదులు అవతల బస్సు హారన్ మోగింది. మోగుతూనే ఉంది. కండక్టరు కేకలేస్తున్నాడు, ఎవరో ప్రయాణికుడు బస్సు బయల్దేరుతోందనుకుని పరుగెత్తి ఎక్కాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని పేషెంటత్త, తన మీద ఎవరి చెయ్యీ లేకుండానే, గోడ పట్టుకుని నవ్వుతోంది.