వదిన చెప్పిన రిమార్కులు

నాలుగు అర్జీలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటిది తెలుగులో రాశాను, మా కార్ఖానా యజమాని సేఠ్ చదువుతాడని. రెండోది హిందీలో రాశాను, ఆఫీసు కంప్యూటర్లు చూసే సాఫ్ట్‌వేర్ మనిషికి అర్థం కావాలని. మిగిలిన రెండూ మళ్లీ తెలుగులోనే రాశాను. అప్పటికి నాకు కోపం వచ్చింది, కోపం నాకు ఇంకో భాషలో రాదు. నాలుగూ టెంఘర్‌లో ఉన్న కార్ఖానా ఆఫీసుకు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మూడోసారి వెళ్లినప్పుడు లోపల కూర్చున్న ముగ్గురికీ టీ వచ్చింది, నాకు రాలేదు. నేను వెళ్లింది టీ కోసం కాదు. గుర్తు మాత్రం ఉంది.

నేను అడిగింది పెద్దదేమీ కాదు. నా చేత్తో నేను రాసిన మాటలను నన్ను ఒకసారి చూడనివ్వమన్నాను. అవి నా భార్య చెప్పిన మాటలు. నిరుడు ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చి మాట పోయింది. తన పాత మాటలు తనకే చదివి వినిపిస్తే కొంత తిరిగి రావచ్చని ఆస్పత్రిలో చెప్పారు. అంతే నా అర్జీ.

బొంబాయి పక్కన ఈ భివండిలో మరమగ్గాల కార్ఖానా రాతపని చూసేవాణ్ణి మెహతా అంటారు. నేను ఒకే కార్ఖానాలో ముప్పై ఏళ్లకు పైగా మెహతాగా ఉన్నాను. సేఠ్‌ది మా జిల్లానే. మగ్గం మీద నుంచి దిగిన గుడ్డ చుట్టను తాకా అంటాం. ప్రతి తాకా చెకింగ్ బల్ల మీదికి వచ్చేది. బల్లకు అటువైపు నా భార్య నిలబడి గుడ్డ మీద అరచెయ్యి నడిపిస్తూ తప్పులు పట్టేది. ఇటువైపు నేను కూర్చుని తప్పుల బుక్కులో రాసేవాణ్ణి. గోడ అవతలే మగ్గాలు. ఆ చప్పుడులో మామూలు మాట వినపడదు కాబట్టి ఆమె బల్ల మీదికి వంగి నా ఎడమ చెవిలో చెప్పేది. ఆ చెవి ఇప్పుడు సరిగ్గా వినపడదు. మగ్గాల వల్ల అని డాక్టరు అంటాడు. నేను ఒప్పుకోను.

"నూనె మరక. రెండు తావుల," అనేది. నేను రాసేవాణ్ణి. బుక్కు మూయబోతుంటే మళ్లీ వంగేది.

"గట్లనే ఇంకోటి రాయి. నేసినాయన బిడ్డకు జెరమున్నది. మనసు మగ్గం మీద లేదు."

"గిది తప్పుల బుక్కు. జెరాల బుక్కు గాదు."

"తప్పు ఎందుకైందో రాయకుంటె సగం రాసినట్టే గద. రిమార్కులని గంత జాగ ఉంచిండ్రు, ఖాళీగ ఉంచుడెందుకు?"

అలా రిమార్కుల కాలమ్ నిండింది. పన్నె గీత, కొత్త పోరగాడు, తిట్టొద్దు. పేక తెగింది, ఈయన తినకుండ వచ్చిండు, అడుగుండ్రి. సేఠ్ అవి చదివి, కోయబోయిన కూలి డబ్బులు కోయకుండా వదిలేసిన సందర్భాలు నేను చూశాను. ఆ మంచి పేరంతా సేఠ్‌కు పోయింది. రాసింది ఎవరో, చెప్పింది ఎవరో ఒక్కడూ అడగలేదు.

చెప్పిన మనిషి పేరు రాయడానికి ఒక చిన్న గడి ఉండేది. మా ఇళ్లల్లో మగవాడు భార్య పేరు నలుగురిలో పలకడు. రాయడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. కార్ఖానాలో పెద్దలూ చిన్నలూ అందరూ ఆమెను వదిన అనేవారు. నేనూ ఆ గడిలో వదిన అనే రాశాను, ఒక రోజు కాదు, అన్ని ఏళ్లూ. మగ్గాలు బాగు చేసే జాబర్ ఒకసారి బుక్కు తిరగేసి, "ఏంది మెహతా, నీక్కూడ వదినేనా?" అన్నాడు. కార్ఖానా అంతా నెల రోజులు నవ్వింది. నేను అతనితో రెండేళ్లు మాట్లాడలేదు.

తరవాత సేఠ్ కూతురు చదువు ముగించి ఆఫీసులో కూర్చుంది, కంప్యూటర్లు వచ్చాయి. పాత బుక్కులన్నీ ఆ అమ్మాయే ఓపికగా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించింది. ఠాణే నుంచి ఒక సాఫ్ట్‌వేర్ మనిషి వచ్చి, ఎవరికి ఏది కనపడాలో తేల్చడానికి మమ్మల్ని కూర్చోబెట్టాడు. అందరికీ కుర్చీలు వేశారు. నాకు మడత విభాగం నుంచి స్టూలు తెచ్చారు. నేసేవాడికి తన మగ్గం సంగతి మాత్రమే కనపడాలి, దలాలుకు తయారైన గుడ్డ మాత్రమే కనపడాలి, ఇలా బోర్డు మీద గీతలు గీస్తూ పోయాడు. బుక్కుల్లో అన్నిచోట్లా ఒకే పేరు ఉండటం చూసి మధ్యలో ఆగి అడిగాడు.

"యే వదిన కౌన్ హై? హర్ ఎంట్రీ మే ఇసీకా నామ్ హై."

సేఠ్ కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "మెహతా కాకా, నువ్వే చెప్పు," అంది.

నా భార్య అని చెప్పలేదు. "చెకింగ్ మే హై," అన్నాను. అతను వదిన అన్నది పేరే అనుకున్నాడు. ఆ పేరుతో ఒక లాగిన్ తయారు చేసి, నన్నే అడిగి ఆమె ఫోన్ నంబరు ఎక్కించి, ఆ రిమార్కులన్నిటికీ మాలిక్ వదినే అని రాశాడు. అవి ఎవరెవరు చూడాలని అడిగాడు. సేఠ్, "అందరు చూడనీయి, ఏమున్నది అండ్ల?" అన్నాడు.

నేను స్టూలు మీద నుంచి లేచాను.

"అండ్ల మంది ఇండ్ల సంగతులున్నయి. ఎవరు తాగొచ్చిండ్రు, ఎవరింట్ల పొయ్యి ముట్టలే, అన్ని ఉన్నయి. గామెను నమ్మి చెప్పుకున్నరు. గామె సరే అంటెనే చూడాలె. సేఠ్ అయిన గంతే, నేనైన గంతే."

సేఠ్ కూతురు నా మాట ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. ఆ కార్ఖానాలో నా మాట ఒకటి నిలబడింది అంటే అదొక్కటే.

ఆ తరవాత ఒక వానాకాలం నీళ్లు కార్ఖానాలోకి వచ్చి పాత బుక్కులు తడిశాయి. వాటిని పాత కాగితాలు కొనేవాడికి ఇచ్చేశారు. నన్ను అడగలేదు.

పక్షవాతం తరవాత ఆమె కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. చూపు ఎప్పటిలాగే ఉంది. చెప్పింది అర్థమవుతుంది. ఆస్పత్రిలో మాట నేర్పే అమ్మాయి, "పని చేసే చోట రోజూ అన్న మాటలు ఉంటాయి కదా, అవే వినిపించండి," అంది. నేను మంచం పక్కన కూర్చుని గుర్తున్నవి చెప్పాను. ఆమె కాసేపు విని, ఎడమ చెయ్యి బల్ల మీద నుంచి గుడ్డ తోసేసినట్టు పక్కకు తోసింది. అవి తన మాటలు కావు. తన మాటలను నేను నా మాటలుగా మార్చి చెబుతున్నాను. తాకాలో దొంగ పోగును పట్టుకున్నట్టు పట్టుకుంది.

అప్పుడు ఆఫీసుకు వెళ్లాను. ఆమె లాగిన్ నేను తెరవకూడదు, నా లాగిన్ ఇంకా ఉంది. తెరిస్తే తారీకు, తాకా నంబరు, మగ్గం నంబరు, తప్పు అన్నీ కనపడ్డాయి. రిమార్కుల కాలమ్ ఉన్నచోట పై నుంచి కింది దాకా తాళం బొమ్మలు.

"కాకా, గా తాళం నువ్వు పెట్టిచ్చిందే," అంది సేఠ్ కూతురు.

"పెట్టిచ్చినోనికి తీసుకునే హక్కు లేదా?"

"నేనైన గంతే అన్నవు. నేను రాసుకున్న."

"మీ నాయిన తీయొచ్చు గద. అన్ని తాళాలు ఆయన దగ్గరనే ఉన్నయంటివి."

"బాపు తీయొచ్చు. తీస్తే ఇగ గా తాళానికి అర్థమేముంది కాకా? వదిననే అడిగే దారి ఏమన్న ఉందేమో సాఫ్ట్‌వేరాయనను అడుగుత."

అడుగుతానన్నది, అంతే. తరవాత నెలలు గడిచాయి. ఆ నెలల్లోనే నా నాలుగు అర్జీలు. ఆ అమ్మాయి మర్యాద తెలిసిన పిల్ల, కాదనను. కానీ కాగితానికి కాగితం జవాబు ఇవ్వాలి కదా.

చివరికి ఒక రోజు ఆఫీసులో నా లాగిన్ తెరిస్తే తెర మీద కొత్త మీట కనపడింది. అనుమతి కోరండి, అని. నొక్కాను. మా ఇంట్లో అలమారలో ఉన్న ఆమె ఫోన్‌కు సందేశం వెళ్లింది.

సాయంత్రాలు ఆమె భుజం పట్టుకుని వరాలా తలావ్ చెరువు దాకా నడిపిస్తాను. ఆ రోజు ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి ఫోన్ తీశాను. హిందీలో ఉన్నదాన్ని తెలుగులో చదివి చెప్పాను. "మెహతా నీ రిమార్కులు చూస్త అంటుండు. ఇయ్యాల్నా, వద్దా? పచ్చది ఇచ్చుడు, ఎర్రది వద్దనుడు."

ఫోన్ నా చేతిలోనే ఉంది. పచ్చదాన్ని నేనే నొక్కొచ్చు. ఆమె వేలు పట్టుకుని నొక్కించొచ్చు. కానీ ఇంకొకరి గడిలో నేను ఎప్పుడూ సంతకం పెట్టలేదు. ఫోన్ ఆమె ఒడిలో పెట్టాను.

ఆమె చాలాసేపు చూసింది. పెళ్లప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. ఊరు విడిచి భివండి రావాలన్నప్పుడు నేను అడగలేదు. కండెలు చుట్టే పని నుంచి చెకింగ్‌కు మార్చినప్పుడు సేఠ్ అడగలేదు. ఇయ్యాలా వద్దా అని ఆమెను అడిగిన మొదటిది ఆ ఫోనే అనుకుంటాను.

ఎడమ బొటనవేలు ఎత్తి ఎర్రదాని మీద నొక్కింది.

తప్పుగా నొక్కిందనుకున్నాను. "ఎర్రది నొక్కినవు," అన్నాను. నా వైపు చూసింది. బల్ల దగ్గర నేను మగ్గం నంబరు తప్పు రాసినప్పుడు చూసే చూపు అది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి గొడవ పెట్టుకున్నాను. ఈ ఊళ్లో నన్ను కాదన్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లందరి లెక్కా నా దగ్గర ఉంది, ఈమె మాత్రం అందులో లేదు, ఇది మీ సాఫ్ట్‌వేర్ తప్పు అన్నాను. సేఠ్ కూతురు అంతా విని, నాకు కుర్చీ జరిపి, టీ చెప్పింది.

"కాకా, నీకు కామెర్లొచ్చి నెల దినాలు ఇంట్ల పన్నవు, యాదుందా? నేను బడి సెలవుల్ల ఉన్న. గా నెల వదిన చెప్తుంటె బుక్కు రాసింది నేనే."

నాకు ఆ సంగతే గుర్తు లేదు. ఆ పేజీలు నేను ఎన్నడూ చదవలేదు.

"నా మీద చెప్పిందా?"

"రోజు చెప్పేది."

"ఏం చెప్పింది?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ తెర వైపు తిరిగింది. "పర్మిషన్ లేదు కాకా."

ఆ రోజే అక్కడే కూర్చుని మళ్లీ అనుమతి కోరాను. సాయంత్రం గట్టు మీద మళ్లీ ఫోన్ ఒడిలో పెట్టాను. ఈసారి ఆమె ఆలోచించలేదు. ఎర్రది నొక్కింది. నొక్కుతూ, "ఊహూఁ," అంది.

పది నెలల తరవాత ఆ గొంతు విన్నాను. వినపడని చెవి వైపు కూర్చున్నా విన్నాను. మాట నేర్పే అమ్మాయికి ఫోన్ చేస్తే, "అది మాటే. వదలకండి, దాన్నే పట్టుకుని అడుగుతూ ఉండండి," అంది. సంతోషించాను, అబద్ధం ఎందుకు. కానీ ఇన్ని నెలలు నేను అన్నం కలిపి పెట్టాను, జడ వేయడం నేర్చుకున్నాను, పాయలు మూడూ సమానంగా రావడానికి నెల పట్టింది. అంత చేసినా నాకు దక్కిన మొదటి మాట ఊహూఁ.

ఇక ఆఫీసుకు అర్జీ రాయను. సేఠ్ జవాబు నాకు అక్కర్లేదు. పొద్దున టీ తాగించాక, సాయంత్రం గట్టు మీద, రోజూ ఆమెనే అడుగుతున్నాను. ఈ కాగితం కూడా ఆమెకే చదువుతాను, చివరికి వచ్చాక ఇలా అడుగుతాను.

"నేను మంచాన పన్న నెల నా మీద ఏం చెప్పినవు? తిట్టినవా? తిడితె తిట్టినవు, గది కూడ నాకే చెప్పు. ఊహూఁ అంటె నడువది. తలకాయ ఊపితె నడువది. గన్నేండ్లు నువ్వు చెప్పింది నేను రాసిన. ఇప్పుడు నేను అడుగుతున్న. నోటితోని జవాబు చెప్పు."